బొత్రిస్ ఆకు, డాక్టరు నూనె, తెల్లటి మాత్ర

ఒక శనివారం తెలుగు క్లాసు అయిపోయాక ఒక తల్లి నా దగ్గర ఆగింది. ఆమె కొడుకుకు ఆరేళ్ళు. మా చిన్న తరగతిలో అక్షరాలు దిద్దుతున్నాడు. ఆమె సంచిలోంచి చిన్న గోధుమరంగు సీసా ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

"గురువుగారూ, బాబు రాత్రిళ్ళు సరిగ్గా నిద్రపోవటం లేదు. కడుపులో పురుగులు ఉన్నాయేమో అని మా అత్తగారు అంటున్నారు. ఇది మందు కాదండీ, ఉత్త ఆకు నూనె. ఇంటర్నెట్‌లో తెప్పించాను. తేనెలో ఎన్ని చుక్కలు కలపమంటారు?"

నేను ముప్పై ఏళ్ళు మందుల దుకాణంలో పనిచేశాను. అందుకే ఇలాంటి ప్రశ్నలు ఇప్పటికీ నా దగ్గరికి వస్తాయి. సీసా మూత తీశాను. కిరసనాయిలు లాంటి ఘాటు వాసన గుప్పున వచ్చింది. వెంటనే మూత పెట్టేశాను.

"ఒక్క చుక్క కూడా వద్దమ్మా" అన్నాను.

ఎందుకు వద్దో అక్కడ నిలబడి చెప్పలేకపోయాను. పిల్లలు అరుస్తున్నారు, బస్సు వచ్చేస్తోంది. "బాబును రేపే డాక్టరుకు చూపించండి, మిగతాది తర్వాత చెబుతాను" అని పంపేశాను. ఆ మిగతాదే ఇది.

మారిషస్‌లో పెరిగిన మనందరికీ తిజాన్ తెలుసు. ఆకులో వేళ్ళో నీళ్ళలో వేసి కాచి తాగే కషాయం అది. జలుబుకు ఒక తిజాన్, అజీర్తికి ఒక తిజాన్, పిల్లల కడుపులో పురుగులకు ఇంకొకటి. ఆ పురుగుల తిజాన్‌కు వాడే మొక్క పేరు బొత్రిస్. మన పెరళ్ళలో, రోడ్ల పక్కన దానంతట అదే పెరుగుతుంది. ఇలాంటి మన మందుమొక్కలను పరిశోధించి పుస్తకాలలో రాసిపెట్టిన శాస్త్రవేత్త అమీనా గరీబ్-ఫకీమ్. ఆమే తర్వాత, 2015 నుంచి 2018 వరకు, మన దేశాధ్యక్షురాలు.

మా నాయనమ్మ ఇంటి వెనక బొత్రిస్ ఎప్పుడూ ఉండేది. నాయనమ్మ అంటే నాన్నకు అమ్మ. ఆమె చెరకు ఎస్టేటు క్యాంపులో పుట్టింది, అక్కడే పెళ్ళి చేసుకుంది, అక్కడే ముసలిదైంది. ఇంట్లో అందరం క్రెయోల్ మాట్లాడేవాళ్ళం. తెలుగు రామభజనలో వినిపించేది, ఉగాదికి వినిపించేది, నాయనమ్మకు కోపం వచ్చినప్పుడు వినిపించేది. నెలకొకసారి మా పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి బొత్రిస్ తిజాన్ తాగించేది. తాగనని మొండికేస్తే ముక్కు మూసి పోసేది.

డాక్టరు మందు మాత్రం మా ఇంటి గడప దాటి లోపలికి రానిచ్చేది కాదు. దానికి ఒక కారణం ఉంది.

మా నాన్నకు ఒక అక్క ఉండేది. అంటే నాకు మేనత్త. నేను ఆమెను చూడలేదు. 1930 ప్రాంతంలో ఆమెకు ఎనిమిదేళ్ళు. మనిషి పాలిపోయి ఉండేదట, కాస్త నడిస్తే ఆయాసపడేదట. కడుపులో పురుగులని చెప్పి ఎస్టేటు ఆస్పత్రిలో ఒక నూనె పట్టించారు. తర్వాత ఆముదం తాగించారు. మర్నాటికి పిల్లకు చెవులు వినపడలేదు. ఆ మర్నాడు ఫిట్స్ వచ్చాయి. మూడో రోజు చనిపోయింది.

నాయనమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా చివర ఒక మాట అనేది. "ఆ నూనె కూడా మన బొత్రిస్ వాసనే వచ్చింది." మేం ఎవరమూ పట్టించుకోలేదు. దుఃఖంలో ఉన్న మనిషి ఏదో అంటుందిలే అనుకున్నాం.

మందుల దుకాణంలో చేరిన కొత్తలో పాత పుస్తకం ఒకటి తిరగేస్తుంటే ఆ మాట గుర్తొచ్చి నా చెయ్యి ఆగిపోయింది. చెనోపోడియం నూనె. కడుపులో పురుగులకు ఇచ్చే మందు. చెనోపోడియం ఆంబ్రోసియోయిడిస్ అనే మొక్కను ఆవిరి మీద కాచి తీస్తారు. ఎక్కువైతే చెవులు పోతాయి, ఫిట్స్ వస్తాయి, మనిషి చనిపోవచ్చు. ఆ మొక్క మన బొత్రిసే. నాయనమ్మ ముక్కు తప్పు చెప్పలేదు. ఆమె ప్రాణంగా నమ్మిన ఆకూ, జీవితమంతా తిట్టిన నూనే ఒకే మొక్కవి.

అప్పటి నుంచి ఎవరైనా నాతో "ఆకు మందా, ఇంగ్లీషు మందా, ఏది మంచిది?" అంటే ఆ ప్రశ్నే నాకు వింతగా అనిపిస్తుంది.

ఆ పురుగుల సంగతి ముందు చెప్పాలి. మన పూర్వీకులు చెప్పులు లేకుండా చెరకు తోటల్లో పనిచేశారు. మరుగుదొడ్లు ఉండేవి కావు. మలంతో పాటు పురుగు గుడ్లు తడి మట్టిలో పడి పిల్లలవుతాయి. ఆ పిల్లపురుగులు పాదాల చర్మంలోంచి లోపలికి దూరతాయి. నెత్తురులో ఊపిరితిత్తుల దాకా వెళ్ళి, గొంతులోకి ఎక్కి, మింగినప్పుడు పేగుల్లోకి దిగుతాయి. అక్కడ పేగుగోడ పట్టుకుని నెత్తురు తాగుతాయి. వీటిని కొంకిపురుగులు అంటారు. కొంకి అంటే వంకర తిరిగిన ముల్లు. పురుగు తల అలా వంగి ఉంటుంది. ఒక్క పురుగు రోజుకు తాగేది చుక్కకన్నా పెద్ద ఎక్కువ కాదు. వందల పురుగులు ఉంటే మనిషి పాలిపోతాడు, పని చెయ్యలేడు. దొరలు "ఈ కూలీలు సోమరిపోతులు" అని రాసుకున్న చాలామందికి ఉన్నది నెత్తురు లేకపోవటం. ఇది చర్మంలోంచే వస్తుందని 1898లో కైరోలో లోస్ అనే శాస్త్రవేత్తకు తెలిసింది. పిల్లపురుగులున్న నీళ్ళు పొరపాటున ఆయన చేతి మీద పడ్డాయి. కొన్నాళ్ళకు ఆయన మలంలోనే గుడ్లు కనిపించాయి!

కొంకిపురుగుకు బాగా పనిచేసిన మొదటి మందుల్లో ఒకటి మన వంటింటిదే. వాము. అజీర్తి చేస్తే అమ్మ నమిలించే ఆ గింజలే. వాములో థైమాల్ అనే పదార్థం ఉంటుంది. వాము వాసన దానిదే. 1880 ప్రాంతంలో ఇటలీలో బొజ్జోలో అనే డాక్టరు థైమాల్‌ను కొంకిపురుగు రోగులకు ఇచ్చి ఫలితం చూశాడు. 1909 నుంచి 1914 వరకు అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో రాక్‌ఫెల్లర్ సంస్థ నడిపిన పెద్ద కార్యక్రమంలో కూడా ఇదే మందు. ఆ థైమాల్‌లో చాలా భాగం ఎక్కడిదంటే, భారతదేశం నుంచి ఓడల్లో జర్మనీకి వెళ్ళిన వాము గింజలది. 1914లో యుద్ధం మొదలై ఆ దారి మూసుకుపోగానే మందుకు కరువొచ్చింది.

"అయితే మా అమ్మమ్మ వాము నీళ్ళు పురుగులకు మంచివేగా!" అని మీరు అనవచ్చు. ఒక చిన్న లెక్క వేద్దాం. అప్పట్లో పెద్దమనిషికి ఇచ్చిన థైమాల్ సుమారు 4 గ్రాములు. వంద గ్రాముల వాములోంచి వచ్చే థైమాల్ ఒకటి, రెండు గ్రాములు. అంటే ఒక్కసారికి కనీసం రెండు వందల గ్రాముల వాము కావాలి. మనం కాచేది ఒక చెంచా. ఆ చెంచాతో కడుపు ఉబ్బరం తగ్గవచ్చు. పురుగుకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. పోనీ మోతాదు పెంచుదామా అంటే, ఆ నాలుగు గ్రాములు తీసుకున్న వాళ్ళకు కళ్ళు తిరిగేవి, గుండె నీరసించేది. ఆ పూట నూనె వస్తువు గానీ సారా గానీ ముట్టకూడదని కాపలా కాసేవారు. వాటితో కలిస్తే థైమాల్ పేగులోంచి నెత్తురులోకి ఎక్కి మనిషినే చంపుతుంది.

థైమాల్ దొరకని రోజుల్లో చెనోపోడియం నూనె ముందుకొచ్చింది. 1913లో సుమత్రా తోటల్లో పనిచేసిన ఇద్దరు డాక్టర్లు, షూఫ్నర్, వెర్వూర్ట్, ఈ నూనెను థైమాల్‌తోనూ, నీలగిరి తైలంతోనూ పోల్చి చూశారు. నీలగిరి తైలం బాగా వెనకబడింది. చెనోపోడియం థైమాల్‌ను కూడా దాటింది. ఆ తర్వాత 1915 నుంచి 1917 వరకు రాక్‌ఫెల్లర్ సంస్థ పంపిన డార్లింగ్ బృందం మలయా, జావా, ఫిజీలలో ఇదే పరీక్ష ఇంకా పెద్దగా చేసింది. మలయా రబ్బరు తోటల్లో, ఫిజీ చెరకు తోటల్లో మనలాగే మద్రాసు రేవు నుంచి ఓడ ఎక్కిన తెలుగువాళ్ళు ఉన్నారు. మన చుట్టాలే అనుకోండి.

ఆ పరీక్ష ఎలా చేశారో వింటే మీకు నవ్వొస్తుంది, కాస్త అసహ్యం కూడా వేస్తుంది. మనిషికి మందు ఇస్తారు. ఆ తర్వాత వచ్చిన మలమంతా పట్టి, నీళ్ళతో కడిగి, వడకట్టి, చచ్చిన పురుగులను ఒక్కొక్కటే లెక్కపెడతారు. మళ్ళీ మందు ఇస్తారు, మళ్ళీ లెక్కపెడతారు. ఇక పురుగులు రావటం ఆగేదాకా ఇంతే. మొత్తంలో మొదటి మోతాదుకు ఎన్ని పడ్డాయో చూస్తే ఆ మందు బలం ఎంతో తెలుస్తుంది. పేరూ ఊరూ ఎవరికీ గుర్తులేని కూలీల కడుపుల్లోంచి ఈ లెక్కలు వచ్చాయి. వాళ్ళను ఎవరూ సరిగ్గా అడిగి ఉండరని నా అనుమానం. అయినా ఆ లెక్క విలువైనదే. "మా అవ్వకు తగ్గింది" అనే మాటకూ, ఇన్నింటిలో ఇన్ని పడ్డాయి అనే మాటకూ చాలా దూరం ఉంది.

పురుగులు బాగానే పడ్డాయి. చిక్కల్లా ఏమిటంటే, పురుగును చంపే మోతాదుకూ మనిషిని చంపే మోతాదుకూ మధ్య సందు చాలా చిన్నది. పెద్దవాళ్ళకు ఇచ్చేది సుమారు ఒకటిన్నర మిల్లీలీటర్లే. పిల్లలు, తిండి సరిగ్గా లేనివాళ్ళు త్వరగా దెబ్బతినేవారు. ఒక సీసా నూనె ఇంకో సీసా అంత ఘాటుగా ఉండేది కాదు. మొక్క ఏ నేలలో పెరిగింది, ఎప్పుడు కోశారు, ఎంతసేపు కాచారు అన్నదాన్ని బట్టి మారిపోయేది. చావుల గురించి ఆనాటి వైద్య పత్రికల్లోనే రాశారు. మా మేనత్తకు ఎన్ని చుక్కలు పట్టారో ఎవరూ రాసిపెట్టలేదు.

ఇది చదివి "ఆకు మందు ప్రమాదం, ఫ్యాక్టరీ మందు మంచిది" అనుకోకండి. చెనోపోడియం తర్వాత వచ్చిన మందు కార్బన్ టెట్రాక్లోరైడ్. మొక్కతో దానికి ఏ సంబంధమూ లేదు. 1921లో మారిస్ హాల్ అనే పశువైద్య శాస్త్రవేత్త దాన్ని కుక్కల మీద చూసి, తర్వాత తనే తాగి చూశాడు. మరుసటి ఏటికే ఫిజీలో లాంబర్ట్ అనే డాక్టరు ఇరవై వేల మందికి ఇచ్చినట్టు రాశాడు. చవక, పురుగులు బాగా పడ్డాయి. కాలేయాన్ని మాత్రం పాడుచేసేది, కొందరు చనిపోయారు. దాని తర్వాత వచ్చింది డ్రైక్లీనింగ్ షాపుల్లో బట్టలు ఉతికే ద్రవం. నిజంగానే. దాన్ని మనుషులకు దశాబ్దాల పాటు తాగించారు.

ఇక ఆకు దగ్గరికి వద్దాం. నూనె ప్రమాదం సరే, నాయనమ్మ తిజాన్ సంగతేమిటి? మెక్సికోలో కూడా బొత్రిస్ ఉంది. అక్కడ చిక్కుడు గింజల కూరలో వేసుకుంటారు, పురుగులకూ వాడతారు. ఆ దేశంలోని చియాపాస్ రాష్ట్రంలో క్లిక్స్ అనే పరిశోధకుడు ఊరివాళ్ళు వాడే తీరులోనే ఆ మొక్కను ఇచ్చి, ముందూ తర్వాతా పరీక్షలు చేశాడు. 1985లో ఫలితం ప్రచురించాడు. కొంకిపురుగుల మీద, ఏలికపాముల మీద, కొరడాపురుగుల మీద చెప్పుకోదగ్గ ప్రభావం ఏదీ కనిపించలేదు.

నాకు ఇది చదివినప్పుడు బాధ కలిగింది. ముక్కు మూసి పోయించుకున్న ఆ తిజాన్లన్నీ వృథాయేనా! కానీ ఆలోచిస్తే అర్థమవుతుంది. కిలో ఆకు కాస్తే వచ్చే నూనె కొద్ది మిల్లీలీటర్లే, పైగా నూనె నీళ్ళలో సరిగ్గా కలవదు. పిడికెడు ఆకు నీళ్ళలో ఇక ఏముంటుంది? మరి నాయనమ్మ ఎందుకు నమ్మింది? ఏలికపాము అంటే వానపాములా పొడుగ్గా ఉండే పురుగు. అది ఒకటి, రెండేళ్ళు బతికి, దానంతట అదే చచ్చి బయటికి వస్తుంది. నెలనెలా తిజాన్ తాగే ఇంట్లో ఎప్పుడు పురుగు పడినా అది తిజాన్ తర్వాతే పడినట్టు ఉంటుంది.

మొక్కలన్నీ ఇలాగే అని కూడా కాదు. నైజీరియాలో ఎండబెట్టిన బొప్పాయి గింజల పొడిని తేనెలో కలిపి 30 మంది పిల్లలకు ఇచ్చారు. ఇంకో 30 మందికి ఉత్త తేనె ఇచ్చారు. బొప్పాయి తీసుకున్నవాళ్ళలో 23 మంది మలం శుభ్రపడింది, ఉత్త తేనె తీసుకున్నవాళ్ళలో 5 మందిది. 2007లో ఇది అచ్చయినప్పటి నుంచి బొప్పాయి గింజల గురించి ఎంతమంది ఎన్ని వీడియోలు చేశారో. బాగుంది, నాకూ ఆశ కలిగింది. అయితే గమనించండి, పోల్చింది తేనెతో. మామూలుగా ఇచ్చే మాత్రతో కాదు. పిల్లలు అరవై మందే. తేనెకన్నా మంచిదని తేలింది, మాత్రకు బదులు వాడవచ్చని తేలలేదు. మీరు ఏ మొక్క గురించి చదివినా ముందు ఈ ఒక్క ప్రశ్న వెయ్యండి: దేనితో పోల్చారు? గాజు గిన్నెలో పురుగు మీద ఆకురసం పోస్తే అది చచ్చిందని రాస్తారు. గిన్నెలో పోస్తే ఉప్పునీళ్ళకూ చావచ్చు. కడుపులో సంగతి వేరు.

మాత్ర పేరు ఆల్బెండజోల్. 400 మిల్లీగ్రాములు, ఒక్కటే. 1980ల నుంచి మనుషులకు వాడుతున్నారు. భారతదేశంలో 2015 నుంచి ఫిబ్రవరి 10న బడిపిల్లలకు ఇదే ఇస్తున్నారు. ఆంధ్ర, తెలంగాణ బడుల్లో ఆ రోజును నులిపురుగుల నివారణ దినం అంటారు. ఇది కూడా సర్వరోగ నివారిణి కాదు. చాలా పరీక్షల లెక్కలు కలిపి 2017లో ప్రచురించిన ఒక పరిశీలన ప్రకారం ఒక్క మాత్రతో ఏలికపాములు ఉన్న వందమందిలో సుమారు 96 మందికి నయమవుతుంది. కొంకిపురుగులైతే సుమారు 80 మందికి. కొరడాపురుగులైతే 31 మందికే. అంటే కొరడాపురుగు ముందు మన గొప్ప మాత్ర కూడా తలవంచుతోంది. కొత్త మందు అవసరం ఉంది, అది ఏ మొక్కలోంచైనా రావచ్చు.

మొక్కల్లోంచి వచ్చినవి ఉన్నాయి కూడా. మన ద్వీపంలో 1866 నుంచి రెండు మూడేళ్ళ పాటు మలేరియా వేలమందిని తీసుకుపోయినప్పుడు ఉన్న ఒకే దిక్కు క్వినైన్. అది సింకోనా చెట్టు బెరడు నుంచి వస్తుంది. ఈనాటి మలేరియా మందు ఆర్టెమిసినిన్ చైనా మొక్కలోంచి తీశారు. తు యూయూ అనే శాస్త్రవేత్త బృందం ఎన్నోసార్లు కాచి చూసి విఫలమైంది. తర్వాత ఆమె పదహారు వందల ఏళ్ళ నాటి వైద్య గ్రంథంలో ఆ ఆకును చన్నీళ్ళలో నానబెట్టి పిండమని చదివింది. వేడికి మందు చెడిపోతోందని అప్పుడు తట్టింది. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. పాత గ్రంథం దారి చూపిన మాట నిజమే. అయినా ఆ ఆకు కషాయం తాగి మలేరియా తగ్గించుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పదు, వద్దంటుంది. ఒక కప్పులో మందు ఎంత ఉందో ఎవరికీ తెలియదు కాబట్టి. అదే ఏడు అదే బహుమతిలో సగం ఇంకో పురుగుల మందు కనిపెట్టిన ఇద్దరికి వెళ్ళింది. ఆ మందు పుట్టింది జపాన్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి.

ఆ ఆరేళ్ళ బాబు సంగతి చెప్పి ముగిస్తాను. డాక్టరు ఉదయాన్నే, స్నానానికి ముందు, మలద్వారం దగ్గర సెలోటేపు అంటించి తీసుకురమ్మన్నారు. టేపు మీద గుడ్లు కనిపించాయి. దారప్పోగుల్లా ఉండే తెల్లటి చిన్న పురుగులవి. రాత్రిపూట బయటికి వచ్చి గుడ్లు పెడతాయి, దురదతో పిల్లలు నిద్రపోరు. అత్తగారి అనుమానం సరైనదే. ఇంట్లో అందరూ మాత్ర వేసుకున్నారు, రెండు వారాలకు మళ్ళీ వేసుకున్నారు. దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికారు, బాబు గోళ్ళు కత్తిరించారు. ఆ తల్లి గర్భవతి కాదని డాక్టరు ముందే అడిగి తెలుసుకున్నారు. మొదటి నెలల్లో ఈ మాత్ర వాడకూడదు.

సీసాను ఆమె నాకే ఇచ్చేసింది. పిల్లలకు అందకుండా అల్మారా పైన పెట్టాను.

మొన్న శనివారం బాబు నల్లబల్ల దగ్గరికి వచ్చి, "గురువుగారూ, నా పురుగును తెలుగులో ఏమంటారు?" అని క్లాసంతా వినేలా అడిగాడు. తల్లి సిగ్గుతో తలదించుకుంది. నులిపురుగు అని చెప్పాను. నులి అంటే మెలి, మెలితిప్పే నొప్పి. వాడు నాలుక బయటపెట్టి, మెల్లగా, ఒక్క తప్పు లేకుండా రాశాడు.